సోమవారం నుంచి ఇంటర్ క్లాసులు. మాస్కు తీసి వెళ్ళాలా, పెట్టుకుని వెళ్ళాలా?

అడిగినది: కొబ్బరితోట

అందరికీ నమస్కారం. నా వయసు 16. మాది తణుకు పక్కన పల్లెటూరు. సోమవారం నుంచి ఇంటర్ ఫస్టియర్, ఎంపీసీ. కాలేజీ తణుకులో, బస్సులో నలభై నిమిషాలు. అడగాల్సింది ఒక్కటే, కానీ సంగతి మొత్తం చెప్పకపోతే అర్థం కాదు, అందుకే పొడుగ్గా రాస్తున్నాను.

తొమ్మిదో తరగతిలో ఉండగా దీపావళి రాత్రి చిచ్చుబుడ్డి వెలిగించాను. వత్తి అంటుకుంది, ఎర్రగా ఒక చుక్క కనిపించింది, తర్వాత ఏమీ లేదు. కాసేపు ఆగాను. వెనక నుంచి చెల్లి "అన్నయ్యా, అది పోయింది, ఇంకోటి తీయి" అంటోంది. నిజంగా ఆరిపోయిందా అని వంగి చూశాను. పేలిన శబ్దం నాకు గుర్తు లేదు. తెల్లటి వెలుతురు ఒక్కటే గుర్తుంది. పక్కింటి పెద్దమ్మ పరిగెత్తుకొచ్చి, పొద్దున్నకని రుబ్బి పెట్టుకున్న ఇడ్లీ పిండి గిన్నెతో తెచ్చి మొహం మీద పోసింది. చల్లగా ఉంటుందని, ఆవిడకు తెలిసిన మంచి అది. ఆసుపత్రిలో ఆ పిండి కడిగి తీస్తున్నప్పుడు పుట్టిన మంట కాలినప్పుడు కూడా లేదు.

కాకినాడ పెద్దాసుపత్రిలో 34 రోజులు ఉన్నాను. ఎడమ చెంప, ఎడమ కంటి కింది రెప్ప, నోటి మూల, చెవి పైభాగం కాలాయి. తొడ మీద చర్మం తీసి చెంపకు వేశారు. డబ్బు విషయంలో ఆరోగ్యశ్రీ ఆదుకుంది, లేకపోతే నాన్న పొలం అమ్మేవారు.

ఇంటికి వచ్చేసరికి అమ్మ బీరువా అద్దం మీద దుప్పటి కప్పి ఉంచింది. నా మొహం నేను మొదట చూసుకుంది స్టీలు చెంబులో. నీళ్ళు తాగడానికి ఎత్తితే దాని పొట్ట మీద ఒక మొహం వంకరగా, లాగినట్టు కనిపించింది. చెంబు గుండ్రంగా ఉంది కదా, అందుకే అలా కనిపిస్తోందనుకున్నాను. కొంచెం తిప్పి కుడి చెంప పెట్టి చూశాను. కుడి చెంప మామూలుగా ఉంది.

పదో తరగతి మా ఊరి బడిలోనే. ఏడాదంతా మాస్కుతో వెళ్ళాను, హెడ్మాస్టరు గారు ఏమీ అనలేదు. ఊళ్ళో అందరికీ జరిగింది తెలుసు కాబట్టి ఎవరూ అడగలేదు. పబ్లిక్ పరీక్షల్లో మాత్రం, మొదటి రోజు తెలుగు పేపరు, ఇన్విజిలేటర్ వచ్చి మాస్కు తీయమన్నారు. హాల్ టికెట్ మీద ఫొటో కాలకముందుది. ఆయన ఫొటో చూసి, నన్ను చూసి, మళ్ళీ ఫొటో చూసి, ఇంకొకాయన్ని పిలిచారు. రూములో అందరూ పెన్నులు ఆపి చూశారు. ఆ రోజు మొదటి అరగంట ఏం రాశానో నాకు తెలియదు.

ఇంకో సంగతి కూడా చెప్పాలి. మొన్న మాఘంలో మా పెద్దమ్మ కొడుకు పెళ్ళి. అన్నయ్య బయల్దేరుతుంటే నేను గేటు దగ్గర నిలబడి ఉన్నాను. మా బంధువుల్లో ఒక పెద్దావిడ నా దగ్గరికి వచ్చి, చాలా మెత్తగా, "నాన్నా, నువ్వు కాసేపు లోపలికెళ్ళు, ఎదురుగా ఉండకు" అన్నారు. తర్వాత ఆవిడే పిలిచి నా చేతిలో రెండు లడ్డూలు పెట్టారు. అమ్మ పక్కనే ఉంది. విన్నది. ముగ్గు వైపు చూస్తూ నిలబడింది. ఇంట్లో ఇప్పటిదాకా ఎవరం ఆ మాట ఎత్తలేదు.

నా ఫ్రెండ్సందరికీ మీసాలు వస్తున్నాయి. నాకు కుడి పక్కే వస్తోంది.

కోవిడ్ తర్వాత మాస్కు పెట్టుకున్నవాణ్ణి ఎవరూ వింతగా చూడరు. అది పెట్టుకుంటే కన్ను తప్ప ఏమీ కనబడదు, కిరాణా కొట్టుకి, గుడికి, ఎక్కడికైనా వెళ్ళగలను. 19 నెలలైంది, ఇంట్లో, ఆ పరీక్ష రూములో తప్ప ఎక్కడా తీయలేదు. అడ్మిషన్‌కి వెళ్ళినప్పుడు ఆఫీసులో క్లర్కు గారు "లోపల మాస్కు కుదరదు బాబూ, ఐడీ కార్డుకి ఫొటో కూడా దిగాలి" అన్నారు. అప్పట్నుంచి నిద్ర లేదు. ఊళ్ళో కొందరు నాన్నతో "సదరం క్యాంపుకి తీసుకెళ్ళు, వికలాంగుల సర్టిఫికెట్ వస్తే పింఛనొస్తుంది" అంటున్నారు. నాన్న ఏమీ అనరు, నాకు మాత్రం ఆ మాట వింటే ఏదోలా ఉంటుంది.

సోమవారం మాస్కు తీసి వెళ్ళాలా, పెట్టుకుని వెళ్ళాలా? "ఏమైంది?" అని అడిగితే ఏం చెప్పాలి? ధైర్యంగా ఉండు అని మాత్రం చెప్పకండి, ఆ మాట అందరూ చెప్పారు. ఇలాంటి మొహంతో కొత్త కాలేజీకి వెళ్ళినవాళ్ళు ఎవరైనా ఉంటే, మొదటి రోజు మీరు నిజంగా ఏం చేశారో చెప్పండి.

జవాబు 1: లెక్కల_మాస్టారు

బాబూ, నేను పాతికేళ్ళుగా జూనియర్ కాలేజీలో లెక్కలు చెబుతున్నాను. నీకు జరిగింది నాకు జరగలేదు కాబట్టి నీ మనసు గురించి ఏమీ చెప్పను. కాలేజీ ఎలా నడుస్తుందో తెలుసు, అది చెబుతాను.

సోమవారం దాకా ఆగకు. శనివారమే నాన్నగారితో వెళ్ళి ప్రిన్సిపాల్‌ను కలువు. ఆఫీసు క్లర్కు చెప్పిందే కాలేజీ రూలు అనుకోకు. వైద్య కారణం ఉంటే మాస్కుకు ఒప్పుకునే అధికారం ప్రిన్సిపాల్‌కు ఉంటుంది. ఆసుపత్రి డిశ్చార్జి సమ్మరీ జిరాక్సు తీసుకెళ్ళు. ఐడీ కార్డు ఫొటో అందరి ముందు లైన్లో నిలబడి దిగక్కర్లేదు, ఆఫీసు రూములో విడిగా తీయమని అడుగు.

ఇంకొకటి ఆధార్. 15 నుంచి 17 ఏళ్ళ మధ్య ఒకసారి వేలిముద్రలు, కనుపాప, ఫొటో కొత్తగా ఇవ్వాలి, అది ఉచితం. నువ్వు ఎలాగూ చేయించాల్సిందే. ఇప్పుడే చేయించు. ఇంటర్ హాల్ టికెట్, ఈఏపీసెట్ అప్లికేషన్, అన్నిటికీ ఇప్పటి ఫొటోనే ఇవ్వు. పదో తరగతి పరీక్షలో జరిగింది మళ్ళీ జరగదు. ఆ ఇన్విజిలేటర్ నిన్ను వరండాలోకి పిలిచి చూడాల్సింది. మా వాళ్ళలో ఒకడు చేసిన తప్పు కాబట్టి నాకు సిగ్గుగా ఉంది.

ఎవరైనా పేర్లు పెట్టి పిలిస్తే భరించకు. మన రాష్ట్రంలో ర్యాగింగ్ నిషేధ చట్టం 1997 నుంచి ఉంది. కొట్టడం ఒక్కటే ర్యాగింగ్ అనుకుంటారు చాలామంది. తోటి విద్యార్థిని అవమానించడం, మనసు నొప్పించడం కూడా ఆ చట్టం కిందికే వస్తాయి.

మాస్కు విషయంలో నా అభిప్రాయం, మొదటి రోజే తీసేసి వెళ్ళు. ఒక్క రోజు చూస్తారు, రెండో రోజుకు అలవాటు పడతారు. ఆలస్యం చేసేకొద్దీ అది పెద్ద విషయం అవుతుంది.

జవాబు 2: మానుకోట_వేపచెట్టు

బిడ్డా, నీ పోస్టు రాత్రి చదివాను, పొద్దున మళ్ళీ చదివాను. నువ్వు అడిగినలాంటి మనిషిని నేను.

1996లో, ఎనిమిదో తరగతిలో ఉన్నప్పుడు, మా ఇంట్లో పంపు స్టవ్ పేలింది. నాన్నకు చాయ్ పెడుతున్నాను. మంట సరిగా రావట్లేదని నాజిల్‌లో పిన్ను పెట్టి, మళ్ళీ పంపు కొట్టాను. కుడి చెంప, దవడ, మెడ కాలాయి. మెడ చర్మం ముడుచుకుపోయి గడ్డం భుజానికి అతుక్కున్నట్టైంది, మూడు ఆపరేషన్లు చేశారు. ఇప్పుడు నాకు నలభై దాటాయి, పోస్టాఫీసులో కౌంటర్ మీద కూర్చుంటాను, రోజుకు వందమంది నా మొహం చూస్తారు.

మొదటి రోజు ఏం చేశానని అడిగావు. ఏడాది తర్వాత బడికి వెళ్ళాను, చున్నీ కళ్ళ దాకా కప్పుకుని. మా టీచరమ్మ నన్ను ముందు బెంచీలో నిలబెట్టి, "పాపం, కాలింది, దీన్ని ఎవరూ ఏడిపించకండి" అని క్లాసుకు చెప్పింది. ఆమె ప్రేమగానే చెప్పింది. ఆ రోజు నుంచి నాకు 'పాపం' అనే పేరు పడింది. అన్నం గంటకు ఒక పిల్ల తన టిఫిన్ డబ్బా పక్కకు జరుపుకుని "అంటుకుంటదా?" అని అడిగింది. నాకు మాట రాలేదు. ఏడుపు కూడా రాలేదు. డబ్బా మూసి ఇంటికి తెచ్చాను.

అందుకే మాస్టారు చెప్పినట్టు శనివారం ప్రిన్సిపాల్‌ను కలువు, కానీ క్లాసులో ఏం చెప్పాలో, అసలు చెప్పాలో వద్దో నువ్వే వాళ్ళకు చెప్పు. 'నేనే చెప్పుకుంటాను సార్' అంటే వాళ్ళు వింటారు.

ఇక "ఏమైంది?" సంగతి. దానికి జవాబు నాకు మా అమ్మమ్మ నేర్పింది. నేర్పాలని నేర్పలేదు. ఆమె అంగట్లో కూరగాయలు అమ్మేది, సెలవుల్లో నేను పక్కన కూర్చునేదాన్ని. వచ్చిన ప్రతి మనిషీ "మనవరాలికి ఏమైంది?" అనేవాళ్ళు. అమ్మమ్మ తక్కెట్లోంచి చెయ్యి తీయకుండానే, "స్టవ్ పేలింది, మానిపోయింది, టమాటలు కిలో ఇయ్యనా రెండు కిలోలా?" అనేది. అంతే. ఎదుటి మనిషి టమాటల్లో పడేవాళ్ళు. వందసార్లు విన్నాను అదే మాట, అదే గొంతు. కోపం లేదు, బాధ లేదు. జరిగింది చెప్పింది, ఇప్పుడు బాగానే ఉందని చెప్పింది, మాట పనిలోకి మళ్ళించింది.

చాలా ఏళ్ళకు తెలిసింది, ఇంగ్లండులో జేమ్స్ పార్ట్రిడ్జ్ అని ఒకాయన, 18 ఏళ్ళప్పుడు కారు ప్రమాదంలో మొహం కాలినాయన, 1992లో ఛేంజింగ్ ఫేసెస్ అనే సంస్థ పెట్టి మొహం మీద మచ్చలున్నవాళ్ళకు ఇదే పద్ధతి నేర్పేవాడట. చెప్పు, నెమ్మది పరచు, మాట మార్చు అని. ఆ సంగతి చదివినప్పుడు మా అమ్మమ్మ తక్కెడ గుర్తొచ్చి ఆఫీసులోనే కళ్ళనీళ్ళు తిరిగాయి.

నీ మాట నువ్వే తయారు చేసుకో. చిన్నదిగా ఉండాలి, చివర్లో ఎదుటివాడికి ఒక ప్రశ్న ఉండాలి. ఇంట్లో చెల్లి ముందు పదిసార్లు అని చూసుకో. నాలుక తడబడకూడదు. సోమవారం లోపల ఒక్కసారి, ఒక్క చోట, మాస్కు తీసి ఆ మాట వాడు. పక్క ఊరి పాల బూతైనా సరే. పాకెట్ తీసుకో, డబ్బులివ్వు, వచ్చేయ్. నువ్వు అక్కడ ఉండేది ఒక్క నిమిషమే.

కాలేజీలో మొదటి రోజే తీసేయమని మాస్టారు అన్నారు. ఆయన మంచికే అన్నారు, నేను ఒప్పుకోను. నలభై నిమిషాల బస్సు, కొత్త గది, అరవై మంది, అన్నీ ఒకేసారి ఎందుకు? ఎప్పుడు తీయాలో నీ చేతిలో ఉండనీ. జేబులో ఉన్న మాస్కుకి ఎవరికీ లెక్క చెప్పక్కర్లేదు. కానీ ఒక్క సంగతి మాత్రం నా జీవితంలోంచి చెబుతాను. బస్సులో నేను ఎప్పుడూ కుడి పక్క కిటికీ దగ్గరే కూర్చునేదాన్ని, కాలిన చెంప కిటికీ వైపు ఉండేలా. ఆ సీటు దొరకకపోతే బస్సు వదిలేసి ఇంకో బస్సుకి ఆగేదాన్ని. క్లాసులోనూ అలాగే, గోడ పక్క. ఆరేళ్ళు. ఇప్పటికీ ఎవరైనా ఫొటో తీస్తే నా మెడ దానంతట అది కుడికి తిరుగుతుంది. మా పాప నా గడ్డం పట్టుకుని మధ్యకు తిప్పుతుంది. నువ్వు ఏ బెంచీలో కూర్చుంటావో ఎడమ చెంపని బట్టి మాత్రం ఎంచుకోకు. బోర్డు కనిపించే బెంచీ చూసుకో.

గుడ్లప్పగించి చూసేవాళ్ళు ఎప్పటికీ ఉంటారు. కౌంటర్ దగ్గర నేను వాళ్ళ కళ్ళలోకే చూసి "చెప్పండి" అంటాను. చాలామంది ఉలిక్కిపడి పాస్‌బుక్ ముందుకు తోస్తారు. చిన్నపిల్లలు చూస్తే వేరే, వాళ్ళకు తెలుసుకోవాలని ఉంటుంది అంతే, వాళ్ళకు మొత్తం కథ చెబుతాను.

సదరం గురించి. 2016 వికలాంగుల హక్కుల చట్టంలో 21 రకాలున్నాయి. యాసిడ్ దాడికి గురైనవాళ్ళు అందులో ఉన్నారు. ప్రమాదంలో మొహం కాలినవాళ్ళకు విడిగా రకం లేదు. చూపు తగ్గితేనో, నోరు, మెడ కదలికకు అడ్డొస్తేనో అది వేరే సంగతి. కాబట్టి ఊళ్ళోవాళ్ళ మాట పట్టించుకోవద్దు, నాన్నగారు కూడా టెన్షన్ పడక్కర్లేదు. అయితే స్కాలర్‌షిప్ కోసం బ్యాంకు ఖాతా తెరిచేటప్పుడు ఫోన్లో కన్ను ఆర్పమని అడిగితే, నీ ఎడమ రెప్ప సహకరించకపోతే, భయపడకు. మొహం దెబ్బతిన్నవాళ్ళను అలా ఆపకూడదని, వేరే దారి చూపాలని సుప్రీంకోర్టు 2025 ఏప్రిల్ 30న తీర్పు ఇచ్చింది. యాసిడ్ దాడి నుంచి బయటపడిన ఒక ఆడమనిషి పోరాడి తెచ్చుకున్న తీర్పు అది. ఆ మాట కౌంటర్‌లో చెప్పు.

చివరిది పెళ్ళి సంగతి. ఆ పెద్దావిడ అన్నది తప్పు. మెత్తగా అన్నా తప్పే, లడ్డూలు పెట్టినా తప్పే. నా చెల్లెలి పెళ్ళిచూపుల రోజు మా అమ్మ నన్ను పొద్దున్నే పక్కింటికి పంపింది. "సాయంత్రం పిలుస్తా" అంది. 2003లో. ఆ మాట మేమిద్దరం ఇరవై ఏళ్ళు ఎత్తలేదు. పోయినేడు అమ్మకు ఒంట్లో బాగాలేక ఆసుపత్రిలో ఉన్నప్పుడు, రాత్రిపూట, లైటు తీసేశాక, "ఆ రోజు నిన్ను పంపియ్యకుండా ఉండాల్సింది" అంది. అన్నేళ్ళు అది ఆమెను కూడా తింటోందని నాకు తెలియదు. మీ అమ్మ ముగ్గు వైపు చూస్తూ నిలబడిందని రాశావు. ఆమెతో మాట్లాడు బిడ్డా. ఈ వారమే.

జవాబు 3: బర్న్స్_వార్డు_సిస్టర్

బాబూ, నేను 17 ఏళ్ళుగా కాలిన గాయాల వార్డులో నర్సును. పైన అమ్మ చెప్పినదానికి నేను కలపాల్సింది లేదు. ఒంటి సంగతి మాత్రం అడగాలి.

నిద్రపోతున్నప్పుడు ఎడమ కన్ను పూర్తిగా మూసుకుంటోందా? నీకు తెలియదు, ఈ రాత్రి అమ్మని టార్చి లేకుండా, మామూలు వెలుతురులో చూడమను. కింది రెప్ప కిందికి లాగేసి తెల్లగుడ్డు కనిపిస్తుంటే ఆలస్యం చేయకూడదు, కన్ను ఎండిపోయి నల్లగుడ్డు మీద పుండు పడుతుంది. మచ్చ బాగా ముదిరాక ఆపరేషన్ చేద్దామని మిగతా చోట్ల ఆగుతారు కానీ కంటి రెప్ప విషయంలో ఆగరు. చుక్కల మందు, రాత్రి పూట ఆయింట్‌మెంట్ వాడుతున్నావా?

నోటి మూల బిగుసుకోకుండా రోజూ నాలుగైదు సార్లు బాగా తెరిచి పది లెక్కపెట్టాలి. కొత్త చర్మం మీద ఎండ పడితే నల్లబడి ఆ రంగు అలాగే నిలిచిపోతుంది. బస్టాపులో నిలబడతావు కాబట్టి టోపీ పెట్టుకో, 30 పైన ఎస్పీఎఫ్ ఉన్న సన్‌స్క్రీన్ రాసుకో. ఆ రకంగా చూస్తే బస్సులో మాస్కు మంచిదే, మెత్తటి నూలుది, ఉతికినది. చెవి దగ్గర దారం ఒరుసుకుంటే వెనక ముడి వేసుకునేది కుట్టించుకో. మచ్చ మీద అంటించుకునే సిలికాన్ షీట్ ఇచ్చి ఉంటే రోజుకు 12 గంటలైనా ఉండాలి, పూటపూటా సబ్బుతో కడగాలి. ఎర్రదనం, దురద తగ్గడానికి ఏడాదిన్నర నుంచి రెండేళ్ళు పడుతుంది, నువ్వు ఇంకా ఆ దారిలోనే ఉన్నావు. ఇవాళ అద్దంలో ఉన్నదే చివరిది అనుకోకు.

మీసం గురించి ఒక్క మాటే రాసి వదిలేశావు. తొడ చర్మంలో మీసం మొలిచే వేళ్ళు ఉండవు, అందుకే రాదు. అవసరమనిపిస్తే తర్వాత ప్లాస్టిక్ సర్జన్లు చేయగలిగినవి ఉన్నాయి, ఎదుగుదల ఆగాక అడుగు.

పక్కింటి పెద్దమ్మకి కోపం లేకుండా చెప్పండి, వచ్చే దీపావళి లోపల ఊళ్ళో అందరికీ చెప్పండి: కాలితే 20 నిమిషాలు కుళాయి నీళ్ళ కింద పెట్టాలి. పిండి, ఇంకు, పేస్టు ఏదీ వద్దు. పేలని టపాకాయ మీదకి వంగకూడదు, దూరం నుంచి బకెట్ నీళ్ళు కుమ్మరించాలి. నా వార్డులో ప్రతి దీపావళికీ ఇదే, ప్రతి ఏడూ.

మాస్టారికి ఒక మాట. రెండో ప్రపంచ యుద్ధంలో ఇంగ్లండులో ఈస్ట్ గ్రిన్‌స్టెడ్ అనే ఊళ్ళో ఆర్చిబాల్డ్ మెకిండో అనే సర్జన్ విమానాల్లో కాలిపోయిన పైలట్లకు మొహాలు మళ్ళీ కట్టేవారు. ఆయన ఆపరేషన్లతో ఆగలేదు. పేషెంట్లను ఊళ్ళోకి తిరగడానికి పంపేవారు, వాళ్ళను గుడ్లప్పగించి చూడొద్దని, మామూలు మనుషుల్లా పలకరించమని ఊరివాళ్ళకు చెప్పుకునేవారు. హోటళ్ళవాళ్ళు, ఇళ్ళవాళ్ళు పిలిచి కూర్చోబెట్టుకున్నారు. తేరిపార చూడని ఊరని దానికి ఇప్పటికీ పేరు. మా వార్డు నుంచి వెళ్ళే పిల్లలకు మేం అన్నీ నేర్పి పంపుతాం. వాళ్ళు వెళ్ళే ఊరికి నేర్పేవాళ్ళు లేరు. మీ స్టాఫ్ రూములో మీరు మొదలుపెట్టండి సార్.

రాత్రిళ్ళు మరీ భారంగా ఉంటే 14416కి ఫోన్ చెయ్యి, అది టెలీ మానస్ అనే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్, తెలుగులోనే మాట్లాడతారు, డబ్బు తీసుకోరు. 18 లోపు వాళ్ళకు పిల్లల హెల్ప్‌లైన్ 1098 కూడా ఉంది.

జవాబు 4: లెక్కల_మాస్టారు

సిస్టర్, మొదలుపెడతాను. మా కాలేజీకి కూడా ఈ సోమవారమే కొత్త పిల్లలు వస్తున్నారు. మానుకోట అమ్మా, మాస్కు విషయంలో మీరన్నదే సరి. నేను తొందరపడి రాశాను.

జవాబు 5: కొబ్బరితోట

పదకొండు రోజుల తర్వాత రాస్తున్నాను, క్షమించండి. అందరి జవాబులూ చెల్లి చేత గట్టిగా చదివించుకున్నాను.

శనివారం నాన్నతో వెళ్ళి ప్రిన్సిపాల్ గారిని కలిశాను. "క్లాసులో ఏమీ చెప్పొద్దు సార్, నేనే చెప్పుకుంటాను" అన్నాను. సరే అన్నారు. ఫొటో ఆఫీసు రూములో తీశారు. ఆదివారం అత్తిలి వెళ్ళి పాల పాకెట్ కొన్నాను, మాస్కు లేకుండా. కొట్టు అతను ఏమీ అడగలేదు, చిల్లర లేదన్నాడు. నేను తయారు చేసుకున్న మాట వాడటానికే కుదరలేదు.

సోమ, మంగళ మాస్కుతోనే ఉన్నాను. మధ్యాహ్నం డబ్బా తెరవలేదు, ఆకలి లేదని చెప్పాను. బుధవారం పెరుగన్నం, మాగాయ. ఆకలేసింది. వరండా చివర నేనూ నా బెంచీ అతనూ మాత్రమే ఉన్నాం. తీసేశాను. అతను చూశాడు, ముద్ద అలాగే చేతిలో ఉంది. "ఏమైంది?" అన్నాడు. "దీపావళికి కాలింది, ఇప్పుడు నొప్పేం లేదు, ఫిజిక్స్ నోట్స్ రాశావా?" అన్నాను. రాయలేదన్నాడు. నాది ఇమ్మన్నాడు. నా చేతులు వణుకుతున్నాయి కానీ గొంతు బాగానే వచ్చింది.

గురువారం నుంచి క్లాసులో కూడా తీసేస్తున్నాను, బస్సులో పెట్టుకుంటున్నాను. వెనక బెంచీల్లో ఒకడు నాకు చిచ్చుబుడ్డి అని పేరు పెట్టాడు. మొదటిసారి విన్నప్పుడు చెవులు వేడెక్కిపోయాయి, ఆ పీరియడ్ మొత్తం తల ఎత్తలేదు. నా బెంచీ అతను వెళ్ళి వాడితో ఏదో మాట్లాడాడు, ఏం మాట్లాడాడో నాకు చెప్పడు. రెండు రోజులుగా అనలేదు. మళ్ళీ అంటే లెక్చరర్ గారికి చెబుతాను, చెప్పాలని నిర్ణయించుకున్నాను. బస్సులో ఒకావిడ తన బాబు నన్ను చూస్తుంటే వాడి మొహం చేత్తో అటు తిప్పేసింది. దానికి ఏం చేయాలో నాకింకా తెలియదు.

అమ్మతో మాట్లాడాను. కరెంటు పోయిన రాత్రి, అరుగు మీద. "ఆ రోజు నన్ను లోపలికెళ్ళమన్నప్పుడు నువ్వెందుకు ఏమీ అనలేదు?" అని అడిగేశాను. చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, ఆ పెద్దావిడ ఇంటికి తను అప్పట్నుంచి వెళ్ళడమే లేదని, పండక్కి పిలిచినా వెళ్ళలేదని చెప్పింది. నేను గమనించనే లేదు. పొద్దున్న లేచేసరికి బీరువా మీద దుప్పటి లేదు.

సిస్టర్ గారూ, అమ్మ నిద్రలో నా కన్ను చూసింది. సన్నగా తెల్లగీత కనిపిస్తోందట. గురువారం కాకినాడ వెళ్తున్నాం. రెండు సందేహాలు ఉన్నాయి. సిలికాన్ షీట్ బస్సులో చెమటకి జారిపోతోంది, పొద్దున్న తీసేసి రాత్రి మొత్తం పెట్టుకుంటే సరిపోతుందా? రెండోది, నాన్న నిన్న రేజరు కొనుక్కొచ్చి ఏమీ అనకుండా నా పుస్తకాల పక్కన పెట్టారు. కుడి పక్క గీసుకుంటాను. ముక్కు కింద మధ్యలో, పాత చర్మం కొత్త చర్మం కలిసే చోట చిన్న గట్టులా ఉంది. దాని మీద రేజరు తగలొచ్చా?